కాళ్ళు ఆడనివ్వండి

1930ల నడుమ ఇటలీలోని ఫెరారా పట్నంలో మారినో ఒర్తొలాని అనే పిల్లల వైద్యుడి దగ్గరకు ఒక తల్లి అయిదు నెలల బిడ్డను తీసుకొచ్చింది. బిడ్డను కడిగేటప్పుడు తొడలు విడదీస్తే లోపల ఏదో కటుక్కుమంటోందని చెప్పింది. ఆ చప్పుడు వెనక ఉన్నది జారిన తుంటి కీలు. ఒర్తొలాని ఆ మాటను వదిలిపెట్టలేదు. బిడ్డ తర్వాత బిడ్డకు తొడలు మడిచి, మెల్లగా పక్కకు విప్పి చూస్తూ, వేళ్ళకు తగిలే ఆ కటుకును 1937లో ఒక పరీక్షగా వర్ణించారు. ఇవాళ కాన్పు గదుల్లో డాక్టరు పసికందు మోకాళ్ళు పట్టుకుని చేసే పరీక్షకు ఆయన పేరే ఉంది. పక్కకు జరిగిన ఎముక తల వెనక్కి తన గిన్నెలోకి జారినప్పుడు చేతికి తెలిసే కదలిక అది. ఆ కదలికను ముందు పట్టుకున్నది మాత్రం రోజూ బిడ్డకు నీళ్ళు పోసే చేతులు.

తుంటి కథలో ఇళ్ళల్లోని చేతులకు ఆసుపత్రిలోని చేతులతో సమానమైన పాత్ర ఉంది. కాళ్ళు చాపి బిగించి చుట్టడంతో కీలును చెడగొట్టేవీ అవే, తుంటిని చోటులో నిలిపే పట్టీలు కట్టిన బిడ్డను మూడు నెలలు మోసి బాగుచేసేవీ అవే. ఫిజియోథెరపీ అనగానే మనకు వ్యాయామాలు గుర్తొస్తాయి. తుంటి సరిగా కుదరని బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లిదండ్రులు మొదట అడిగేదీ ఆ మాటే, ఏం ఎక్సర్‌సైజులు చేయించాలని. మొదటి నెలల్లో చేయించాల్సింది ఏమీ లేదు. బిడ్డ తనకు తానే చేసుకుంటుంది. పెద్దల పని ఆ కాళ్ళు సరైన భంగిమలో ఉండేట్టు చూడడం, ఆ తర్వాత వాటిని ఆడనివ్వడం. ఇంత చిన్న మాట వైద్యులకు తట్టడానికి చాలా కాలం పట్టింది. దాని వెల కొన్ని తరాల పిల్లలు తమ తుంట్లతో చెల్లించారు.

తొడ ఎముక పైకొసన గుండ్రటి తల ఉంటుంది. కటి ఎముకలో దానికి సరిపడే గిన్నె ఉంటుంది. పెద్దవాళ్ళలో రెండూ గట్టి ఎముకే. పుట్టిన రోజున ఆ తలలో ఎముక దాదాపు లేదు. అంతా మృదులాస్థి. గిన్నె కూడా సగానికి పైగా అదే పదార్థం. కటిలోని మూడు ఎముకలు ఆ గిన్నె అడుగున ఇంకా అతుక్కోకుండా, మధ్యలో మృదులాస్థి సందుతో ఉంటాయి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తొడ తల నడిబొడ్డున ఎముక చుక్క ఏర్పడి ఎక్స్‌రేలో కనిపించడం మొదలవుతుంది. అంతకుముందు ఎక్స్‌రే తీస్తే కనబడేది తక్కువ. ఆ వయసు వరకు అల్ట్రాసౌండే నమ్మకమైన కన్ను.

గిన్నె ఎంత లోతుగా తయారవ్వాలో ముందే నిర్ణయమై ఉండదు. తల దాని నడిమధ్యలో కూర్చుని అటూ ఇటూ కదులుతూ ఉంటే ఆ ఒత్తిడిని బట్టే మృదులాస్థి పెరుగుతుంది, అంచులు తల మీదకు వంగుతాయి. రుబ్బురోలులో పొత్రం తిరిగి తిరిగి గుంటను తనకు తగ్గట్టు చేసుకుంటుంది కదా, ఇక్కడా తిరిగేదే గుంటకు ఆకారమిస్తుంది. రోలు అరిగి ఆ ఆకారానికి వస్తుంది, గిన్నె పెరిగి వస్తుంది, అంతే తేడా. తల పక్కకు తొలగి ఉందనుకోండి, గిన్నెకు కొలత చెప్పేది ఉండదు. అది పల్చగా, ఏటవాలుగా మిగిలిపోతుంది. ఖాళీ చోట కొవ్వు, నార కణజాలం పేరుకుంటాయి. కొన్నాళ్ళకు తల తిరిగి రావాలన్నా లోపల చోటు ఉండదు.

వైద్యులు హిప్ డిస్‌ప్లేసియా అనేది ఒక్క స్థితిని కాదు, ఒక మొత్తం శ్రేణిని. ఒక కొసన తల చోటులోనే ఉన్నా గిన్నె కాస్త లోతు తక్కువ. మధ్యలో, నెడితే జారి వదిలితే వచ్చే వదులు కీలు. ఇంకో కొసన పూర్తిగా బయటికి జారిన తల. పూర్తిగా జారినవి మామూలుగా వెయ్యి మంది పసికందుల్లో ఒకరిద్దరికి మించవు. వదులుగా ఉన్నవి చాలా ఎక్కువ. ఇంగ్లండులోని సాల్‌ఫర్డ్‌లో జెఫ్రీ బార్లో అనే ఎముకల వైద్యుడు పుట్టిన పిల్లల తుంట్లను వరసగా పరీక్షించి 1962లో లెక్క చెప్పారు. వదులుగా ఉన్న తుంట్లలో 60 శాతం మొదటి వారంలోనే బిగుసుకున్నాయి. రెండు నెలలు నిండేసరికి 88 శాతం వాటంతట అవే కుదురుకున్నాయి. తల్లి ఒంట్లో కాన్పు కోసం కీళ్ళను సడలించే హార్మోన్ల ప్రభావం బిడ్డ మీద నుంచి తగ్గిపోవడం అందుకు ఒక కారణమని వైద్యులు భావిస్తారు. ఇక్కడ రెండు పొరపాట్లకు దారి ఉంది. ప్రతి వదులు కీలుకూ పరుగెత్తి పట్టీలు కట్టేయడం ఒకటి. అదే కుదురుకుంటుందని చెప్పి మళ్ళీ చూడకుండా పంపేయడం రెండోది. రెండో పొరపాటు ఖరీదు ఎక్కువ.

ఈ ఇబ్బంది ఆడపిల్లల్లో మగపిల్లల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. ఎడమ తుంటిలో ఎక్కువ. తొలిచూలు బిడ్డల్లో, ఉమ్మనీరు తక్కువైన కాన్పుల్లో, తల్లికో అక్కకో ఇదే ఉన్న ఇళ్ళల్లో ఎక్కువ. అన్నిటికంటే గట్టి సూచన ఎదురు కాళ్ళతో ఉన్న బిడ్డ. ఎదురు కాళ్ళతో పుట్టినవాళ్ళు నడుము మీద కాలితో తాకితే నడుంపట్టు వదులుతుందని మన ఊళ్ళల్లో నమ్మకం. ఆ కాళ్ళ మీద అంత గురి ఉన్న ఇళ్ళు ఒక్క పని చేస్తే మేలు. అలాంటి బిడ్డకు ఆరో వారంలో తుంటి అల్ట్రాసౌండ్ చేయించాలి. సిజేరియన్ చేసి తీసినా సరే, కడుపులో చివరి వారాలు ఎదురుగా కూర్చున్న బిడ్డ అయితే చాలు. మెడ ఒక పక్కకు వాలి పుట్టిన బిడ్డకు మెడ వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు కూడా తుంటి చూడకుండా వదలకూడదు. ఆ రెండూ జంటగా కనబడడం తరచూ ఉన్నదే.

ఇంత ముఖ్యమైన కీలు జారిపోతే బిడ్డ ఏడవాలి కదా అనిపిస్తుంది. ఏడవదు. నొప్పి ఉండదు. పాలు తాగుతుంది, నవ్వుతుంది, బోర్లా పడుతుంది, కొంచెం అటూ ఇటూగా వేళకే అడుగులేస్తుంది. ఆ అడుగుల్లో గాని కుంటు బయటపడదు. రెండు తుంట్లూ జారితే ఎడమకూ కుడికీ తేడానే ఉండదు. నడుము లోపలికి వంచి, ఒళ్ళు ఊపుతూ నడిచే పిల్లను చూసి ముద్దుగా నడుస్తోందని మురిసిపోయే ఇళ్ళున్నాయి. మన దేశంలో చాలామంది పిల్లలు వైద్యుడి దగ్గరకు వచ్చేది ఆ నడక మొదలైన తర్వాతే. మొదటి మూడు నెలలు దాటితే కండరాలు బిగుసుకుని ఒర్తొలాని పరీక్షకు అందకపోవచ్చు. అప్పుడు చూడాల్సింది తొడ ఎంతవరకు పక్కకు విచ్చుకుంటోందన్నది. డైపర్ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదానంత విచ్చుకోకపోతే, మోకాళ్ళు మడిచి పాదాలు పక్కపక్కన ఆనించినప్పుడు ఒక మోకాలు కిందికి ఉంటే చూపించాలి. తొడ ముడతలు రెండు వైపులా ఒకేలా లేకపోవడం మామూలు పిల్లల్లోనూ ఉంటుంది. దానికొక్కదానికే బెంగ పెట్టుకోనక్కర్లేదు.

జారిన తుంటిని బలంతో చోటుకు తేవచ్చని నమ్మిన కాలం ఒకటుంది. ఆ కాలానికి పెద్ద పేరు వియన్నాకు చెందిన అడాల్ఫ్ లోరెన్జ్. జంతువుల ప్రవర్తనను చదివి 1973లో నోబెల్ అందుకున్న కొన్రాడ్ లోరెన్జ్‌కు తండ్రి. అప్పట్లో శస్త్రచికిత్సకు వాడే కార్బాలిక్ ఆమ్లం ఆయన చేతుల చర్మానికి పడలేదు. కత్తి వదిలేసి నెత్తురు చిందని వైద్యం పట్టుకున్నారు. పిల్లకు మత్తిచ్చి, బిగుసుకున్న తొడ లోపలి కండరాలను చేతులతో తెగేదాకా నలిపి, తలను బలంగా గిన్నెలోకి నెట్టి, తొడలు రెండూ పూర్తిగా పక్కకు పరిచి నెలల తరబడి పిండికట్టు వేసేవారు. కప్ప భంగిమ అని దానికి పేరు. 1902లో షికాగోలో ఆర్మర్ అనే పెద్ద మాంసం వ్యాపారి కూతురికి వైద్యం చేయడానికి ఆయన్ని సముద్రం దాటించి పిలిపించుకున్నారు. పత్రికలు మోసిన ఆ ప్రయాణంతో ఆయన పేరు అమెరికా అంతటా పాకింది.

తుంటి చోటుకు వచ్చేది, నిజమే. కాని చాలామంది పిల్లల్లో కొన్నాళ్ళకు తొడ తల చితికిపోయి బల్లపరుపుగా తయారయ్యేది. దానికి నెత్తురు అందించే సన్నటి ధమనులు తొడ ఎముక మెడ చుట్టూ తిరిగి లోపలికి వెళతాయి. తొడను బలవంతంగా పూర్తిగా పక్కకు పరిచి కట్టేస్తే అవి నలిగిపోతాయి. వైద్యం చేయని తుంటిలో ఈ రకంగా తల చచ్చిపోవడం కనబడదు. ఒక్కోసారి అదే పిండికట్టులో ఇరుక్కున్న రెండో తుంటికి, ఏ జబ్బూ లేని దానికి, ఇది వచ్చేది. అంటే చెడగొట్టింది జబ్బు కాదు, వైద్యం. ఆ రోజుల వైద్యులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. జారిన తుంటితో జీవితమంతా కుంటడం తప్ప మరో దారి లేని పిల్లలకు వాళ్ళు దారి వెతికారు. ఆ దారిలో బలం ఒక్కటే తప్పు.

ఈ సంగతి చూసి ఎదురు మాట్లాడిన మనిషి ఆర్నోల్డ్ పావ్లిక్ (1902-1962), చెకోస్లొవేకియాకు చెందిన ఎముకల వైద్యుడు. తుంటి కదలడానికి పుట్టిన కీలు, దాన్ని కదలనివ్వకుండా నయం చేయలేమన్నది ఆయన వాదం. 1940ల మధ్యలో తోలు పట్టీలతో ఒక సాధనం తయారుచేశారు. ఛాతీ చుట్టూ ఒక పట్టీ, భుజాల మీదుగా రెండు, ఒక్కో కాలికి ముందూ వెనకా ఒక్కోటి, పాదాలకు తొడుగులు. ముందు పట్టీలు తొడలను పొట్ట వైపు మడిచి పట్టుకుంటాయి. వెనక పట్టీలు తొడలు లోపలికి కలిసిపోకుండా ఆపుతాయి, బయటికి లాగవు. మిగిలినదంతా బిడ్డ ఇష్టం. మోకాళ్ళు చాపవచ్చు, తన్నవచ్చు, ఆ హద్దులో తొడలు ఎటైనా ఆడించవచ్చు. 1957లో జర్మన్ భాషలో పావ్లిక్ రాసిన వ్యాసంలో 1,912 తుంట్ల అనుభవం ఉంది. ఇవాళ మెత్తటి గుడ్డతో, వెల్‌క్రోతో వస్తున్న పావ్లిక్ హార్నెస్ లోపలి సూత్రం మారలేదు.

అది పనిచేసే తీరు నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం. తొడ 90 డిగ్రీలు దాటి మడిచినప్పుడు తల గిన్నెకు ఎదురుగా వస్తుంది, తొడ లోపలి కండరాల లాగుడు తగ్గుతుంది. బిడ్డ గాఢంగా నిద్రపోయినప్పుడు ఆ కండరాలు పూర్తిగా సడలుతాయి. మడిచిన కాళ్ళు తమ బరువుకు తామే మెల్లగా పక్కకు వాలతాయి. ఆ వాలడంలో తల గిన్నె వెనక అంచును దాటుకుని లోపలికి జారుతుంది. ఎవరూ నెట్టరు. లోపలికి వచ్చిన తలను మెలకువలో బిడ్డ తన్నే తన్నులు గిన్నెలో తిప్పుతూ ఉంటాయి. ఆ తిరుగుడుకే గిన్నె లోతెక్కుతుంది. ఏ ఫిజియోథెరపిస్టూ చేతులతో రోజంతా చేయించలేని వ్యాయామం, సరిగ్గా కావలసిన బలంతో, బిడ్డ చేసుకుంటుంది.

ఆరు నెలల లోపు మొదలుపెడితేనే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. మొదటి రెండు నెలల్లో మొదలుపెడితే ఇంకా మంచిది. మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు, మొదట్లో పగలూ రాత్రీ, కట్టి ఉంచుతారు. వారానికో, రెండు వారాలకో అల్ట్రాసౌండ్ తీసి తల చోటులో ఉందో లేదో చూస్తారు. మూడు నాలుగు వారాలైనా తల లోపలికి రాకపోతే పట్టీలు ఆపేయాలి. బయట ఉన్న తలను మడిచి మడిచి ఉంచితే గిన్నె వెనక అంచు దెబ్బతిని, తర్వాతి వైద్యం కష్టమవుతుంది. ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

మరి ఫిజియోథెరపిస్టు ఏం చేస్తారు? బ్రిటన్‌లో చాలా ఆసుపత్రుల్లో ఈ పట్టీల క్లినిక్ నడిపేది వాళ్ళే. మొదటి రోజు కట్టడం చూస్తే పని ఎంత సున్నితమో తెలుస్తుంది. ఛాతీ పట్టీ రొమ్ము గీత దగ్గర ఉండాలి, కింద రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి. ముందు పట్టీ చంక ముందు గీతకు తిన్నగా రావాలి. వెనక పట్టీ భుజపు రెక్క మీద కుదరాలి. వెనకది బిగిస్తే తొడలు బలవంతంగా విచ్చుకుంటాయి, లోరెన్జ్ కాలపు ప్రమాదం మళ్ళీ వస్తుంది. ముందుది మరీ బిగిస్తే గజ్జల్లో తొడ నరం నొక్కుకుపోయి బిడ్డ మోకాలు చాపడం మానేస్తుంది. అందుకే ఇంటికి పంపే ముందు తల్లికి నేర్పాల్సిన మొదటి పాఠం రోజూ ఆ తన్నులు చూడడం. నిన్నటిదాకా మోకాలు చాపి తన్నిన కాలు ఇవాళ తన్నకపోతే అది మొండితనం కాదు, అలసట కాదు. అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయాలి. పట్టీ వదులు చేస్తే ఆ నరం మామూలుగా కోలుకుంటుంది.

పట్టీలు ఎక్కడికి బిగించారో పెన్నుతో గీతలు పెట్టి పంపుతారు. ఇంట్లో ఎవరూ వాటిని మార్చకూడదు. పట్టీల కింద పల్చటి నూలు చొక్కా, పట్టీల లోపలి నుంచి డైపర్. డైపర్ మార్చేటప్పుడు మడమలు రెండూ కలిపి పట్టి పైకెత్తడం మనకందరికీ అలవాటు. అది మానేసి పిరుదుల కింద అరచేయి పెట్టి ఎత్తాలి. మోకాలి వెనక, గజ్జల్లో, మెడ కింద ముడతలను రోజూ తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. పట్టీల కింద పౌడరు, నూనె వద్దు. బిడ్డ వెల్లకిలా పడుకోవాలి. కాళ్ళు కలిసిపోయేలా పక్కకు తిప్పి పడుకోబెట్టకూడదు. మెలకువగా ఉన్నప్పుడు తల్లి గుండె మీదో, నేల మీద దుప్పటి పరిచో కాసేపు బోర్లా పడుకోబెట్టవచ్చు. మెడా వెన్నూ బలపడడానికి అది అవసరం. పాలిచ్చేటప్పుడు బిడ్డ కాళ్ళు తల్లి నడుముకు అటూ ఇటూ వచ్చేలా కూర్చోబెట్టుకుంటే ఇద్దరికీ సుఖం.

తెలుగిళ్ళల్లో దీనికి ఎదురయ్యే పెద్ద ఇబ్బంది స్నానం. బాలింతను, బిడ్డను చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మ పీట వేసుకుని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నూనె పామి, సున్నిపిండి నలిచి, వేణ్ణీళ్ళు పోయకపోతే అది స్నానమే కాదు. ఆ స్నానం వెనక ఎంతో ప్రేమ ఉంది, తరాల నైపుణ్యం ఉంది. పట్టీలు ఉన్నన్నాళ్ళు, డాక్టరు విప్పమనే వరకు, దానికి సెలవు. ఒళ్ళు తుడవడమే. బారసాల నాడయినా ఒక్క పూట విప్పేద్దామని, చుట్టాలు చూస్తే ఏమనుకుంటారోనని పెద్దవాళ్ళు అడుగుతారు. మొదటి వారాల్లో ఆ ఒక్క పూటలో తొడ తల మళ్ళీ జారవచ్చు. గౌను కింద పట్టీలు ఉంచే ఉయ్యాలలో వేయండి, పేరు పెట్టండి. ఆడపిల్ల కాళ్ళ మాట బయటికి పొక్కకూడదన్న భయంతో దాచిపెట్టే ఇళ్ళకు చెప్పాల్సింది ఇంకోటుంది. ఇప్పుడు దాస్తే పన్నెండు వారాలు మిగులుతాయి. దాచింది ఇరవై ఏళ్ళకు నడకలో బయటపడుతుంది. యువతుల్లో తుంటి కీలు త్వరగా అరిగిపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి చిన్నప్పుడు కుదరని ఈ గిన్నె.

పట్టీల మాట అటుంచి, ఆరోగ్యంగా ఉన్న పిల్లల కాళ్ళ విషయంలోనూ మనం మార్చుకోవాల్సినవి ఉన్నాయి. పుట్టిన బిడ్డ కాళ్ళు వంగి ఉంటాయి. తొమ్మిది నెలలు కడుపులో మడిచి పెట్టుకున్న కాళ్ళు నిటారుగా సాగడానికి కొన్ని నెలలు పడుతుంది, ఆ తొందర వాటికి లేదు. కాళ్ళు వంకరగా ఉండిపోతాయేమోనని నూనె పామేటప్పుడు మోకాళ్ళు నొక్కి తిన్నగా సాగదీయడం, పాదాలు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, పొత్తిళ్ళలో కాళ్ళు చాపి కర్రలా బిగించి చుట్టడం చేస్తుంటారు. వీటిలో ఆఖరుదాని గురించి ప్రపంచానికి గట్టి ఆధారాలున్నాయి.

1972లో ఫిన్లండ్‌కు చెందిన మిచెల్‌సన్, లాంగెన్‌షోల్డ్ పసి కుందేళ్ళ మోకాళ్ళను చాపి కదలకుండా కట్టి చూశారు. తుంట్లు జారిపోయాయి. తొడ వెనక కండరాలు కోసేసి కడితే జారలేదు. మోకాలు చాచి ఉన్నప్పుడు ఆ కండరాలు బిగుసుకుని తొడ తలను గిన్నెలోంచి బయటికి నెడుతున్నాయన్నమాట. ఇంచుమించు అదే కాలంలో జపాన్‌లో ఇషిదా, యమామురో అనే వైద్యులు మనుషుల్లో అదే సంగతి చూస్తున్నారు. అక్కడ పసిపిల్లలకు గుడ్డ డైపర్ చుట్టే పద్ధతిలో, తొడిగే బట్టల్లో తుంటీ మోకాలూ చాచే ఉండిపోయేవి. తుంటి జారడం నూటికి ఒకటి నుంచి మూడున్నర దాకా ఉండేది. 1975 ప్రాంతంలో దేశమంతటా అమ్మలకు, అమ్మమ్మలకు, మంత్రసానులకు ప్రచారం మొదలుపెట్టారు. పుట్టిన మొదటి రోజుల్లో కాళ్ళు చాపి కట్టవద్దు, మడిచి విచ్చుకుని ఆడేట్టు వదలండి అన్నది దాని సారాంశం. ఆ సంఖ్య నూటికి 0.2 కన్నా కిందికి దిగింది. ఒక్క మాత్ర లేదు, ఒక్క కోత లేదు. మార్పంతా బట్ట చుట్టే తీరులోనే. వైద్య చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన పనులు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

ఊయల పలకకు బిడ్డను తిన్నగా కట్టిన రోజుల్లో నవాహో ప్రజల్లో, ఉత్తర ఐరోపాలోని సామీల్లో ఈ జబ్బు ఎక్కువగా ఉండేది. బిడ్డను వీపున కాళ్ళు విడదీసి కట్టుకునే ఆఫ్రికా ప్రాంతాల్లో చాలా అరుదు. మనకు ఇందులో ఒక అదృష్టం ఉంది. మెడ నిలిచిన పిల్లను తెలుగు ఆడవాళ్ళు చంకన ఎత్తుకుంటారు. బిడ్డ కాళ్ళు నడుముకు చెరో పక్క, తొడలు పైకి మడిచి, మోకాళ్ళు విచ్చుకుని. పావ్లిక్ పట్టీలు పెట్టే భంగిమ ఇంచుమించు ఇదే. పొత్తిళ్ళు కూడా మానక్కర్లేదు. చేతుల వరకు చుట్టి, నడుము కింద గుడ్డను సంచీలా వదులుగా ఉంచి, లోపల బిడ్డ మోకాళ్ళు మడిచి ఆడించగలిగితే చాలు. నూనె పామడమూ తప్పు కాదు. సాగదీయడమే వద్దు.

ఆరు నెలలు దాటి బయటపడితే దారి మారుతుంది. మత్తిచ్చి, ఈసారి మెల్లగా, తలను చోటుకు తెచ్చి నడుం నుంచి కాళ్ళ దాకా స్పైకా అనే పిండికట్టు వేస్తారు. మూడు నెలల దాకా ఉంటుంది. ఏడాదిన్నర దాటితే ఎక్కువమందికి కోసి కుదర్చాలి, ఎముకను కోసి గిన్నె వాలు మార్చాల్సిన అవసరమూ రావచ్చు. టొరంటోలో రాబర్ట్ సాల్టర్ 1961లో వర్ణించిన ఆపరేషన్ ఇప్పటికీ చేస్తున్నారు.

చేతులతో చేయించే ఫిజియోథెరపీకి నిజమైన చోటు ఈ పిండికట్టు విప్పాక వస్తుంది. తొడలు సన్నబడి ఉంటాయి, మోకాళ్ళు బిగుసుకుని ఉంటాయి, బిడ్డ ముట్టుకోనివ్వదు. మొదటి రోజుల్లో గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో ఆడుకోనిస్తే నీళ్ళే కాళ్ళ బరువు మోస్తాయి. ఆ తర్వాత నేల మీద ఆట. కొంచెం దూరాన బొమ్మ పెడితే బోర్లా తిరిగి పాకుతుంది. దిండు ఎక్కి దిగుతుంది. తల్లి ఒళ్ళో అటూ ఇటూ కాళ్ళు వేసి కూర్చుని ఒక పక్కకు వంగి బంతి అందుకుంటే పిరుదు పక్కనున్న కండరాలు పనిచేస్తాయి. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నడుము వాలిపోకుండా పట్టేవి ఇవే, కుంటును పోగొట్టేవీ ఇవే. తొడను లాగి చాపడం, నొప్పి పుట్టేదాకా మడవడం ఈ దశలోనూ పనికిరాదు. పట్టీలు విప్పిన చిన్న బిడ్డల కాళ్ళు కూడా కొన్నాళ్ళు విచ్చుకునే ఉంటాయి. కంగారుపడి దగ్గరకు నొక్కకండి, అవే వస్తాయి. నడక వెనకబడిందని చక్రాల వాకర్‌లో నిలబెట్టవద్దు. అది నడక నేర్పదు సరికదా, ప్రమాదాల కారణంగా కెనడా 2004లోనే దాని అమ్మకాన్ని నిషేధించింది. లేచి నిలబడడానికి బిడ్డ సిద్ధమైన రోజు మంచం కోడు పట్టుకుని తనే లేస్తుంది.

తొందరగా కనిపెట్టడంలో దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. ఆస్ట్రియా వైద్యుడు రైన్‌హార్డ్ గ్రాఫ్ 1980లో పసికందు తుంటిని అల్ట్రాసౌండ్‌తో కొలిచే పద్ధతి చెప్పారు. ఆ దేశం 1992 నుంచి పుట్టిన ప్రతి బిడ్డకూ దాన్ని చేస్తోంది. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే లోపాల జాబితాలో ఈ తుంటి జబ్బు ఉంది. కాన్పయిన ఇంటికి 42వ రోజు దాకా పలుమార్లు వచ్చే ఆశా కార్యకర్త అనుమానిస్తే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపవచ్చు, అక్కడ ఫిజియోథెరపిస్టు ఉంటారు. పిల్లల వైద్యులు, పిల్లల ఎముకల వైద్యులు కలిసి 2022లో మన దేశానికి పర్యవేక్షణ సూచనలు ప్రచురించారు. పుట్టినప్పుడు ఒకసారి చూసి వదలకుండా, టీకాలకు వచ్చిన ప్రతిసారీ, నడక వచ్చేదాకా తుంటి చూడమన్నది వాటి ముఖ్య సలహా. టీకా వేయించుకోని పిల్లలు మన ఊళ్ళల్లో తక్కువ. సూది వేసే నర్సు ఒక్క అర నిమిషం ఆ తొడలు విప్పి చూస్తే చాలు, ఆలస్యంగా వచ్చే పిల్లల్లో చాలామంది ముందే దొరుకుతారు.

బాగైంది అనుకున్న తుంటిని కూడా ఏడాది నిండాక, నడక వచ్చాక, ఆ తర్వాత ఎముకల ఎదుగుదల ఆగేదాకా అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి చూస్తారు. రెండేళ్ళకు చక్కగా ఉన్న గిన్నె పదేళ్ళకు లోతు తక్కువని తేలడం కొందరిలో జరుగుతుంది. ఆ ఫిల్ములు, కాగితాలు జాగ్రత్తగా ఉంచి పిల్ల పెద్దయ్యాక చేతికివ్వాలి. తల్లికి ఉన్నది బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువ కనుక, ఆమె తల్లయినప్పుడు కాన్పు చేసే డాక్టరుకు ఆ కాగితాలు చూపిస్తే బిడ్డ కడుపులో తలకిందులుగా ఉన్నా, ఎదురు కాళ్ళతో ఉన్నా, పుట్టాక ఆరో వారానికి తుంటి స్కాన్ రాసిపెడతారు.